నియమం నాలుగు: ఘాటు తగలదు

తొమ్మిదో తరగతిలో నేనూ, నా పక్కన కూర్చునే మిత్రుడూ కలిసి ఒక బొమ్మల పుస్తకం తయారు చేశాం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. మాది ఒంగోలుకూ చీరాలకూ మధ్య, హైవేకి పడమటి వైపున్న ఊరు. బడి జిల్లా పరిషత్తు బాలుర హైస్కూలు. పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చించి, గోనెసంచులు కుట్టే సూదితో మధ్యలో కుట్టాం. బొమ్మలు వాడివి. గళ్ళు, మాటలు, కథ నావి. పేజీకి ఆరు గళ్ళు, గడికీ గడికీ మధ్య నాలుగు మిల్లీమీటర్లు. స్కేలు జారి అయిదు పడితే ఆ కాగితం చించేసేవాణ్ణి.

"ఒరేయ్, నువ్వు కథ రాస్తన్నావా, ఇల్లు కడతన్నావా?" అని వాడు విసుక్కునేవాడు.

కథ ఇది. సాగర్ కాలవలో పడి చనిపోయిన ఒక అమ్మాయి, ఆ గట్టు మీద రోజూ సైకిలు తొక్కుకుంటూ వెళ్ళే అబ్బాయిని ఇష్టపడుతుంది. అతను చదివేది మగపిల్లల బడి. అందుకని తమ్ముడి బట్టలు వేసుకుని, జడ కత్తిరించుకుని, కొత్త విద్యార్థిగా తొమ్మిది బిలో చేరుతుంది. అక్కణ్ణుంచి అంతా అల్లరే. కబడ్డీలో ఎవరికీ దొరకదు, పట్టుకున్న చేతులు ఆమెలోంచి దాటిపోతాయి. లెక్కల మాస్టారు ఆమెను కొడితే దెబ్బ పక్కవాడికి తగులుతుంది. హాజరు పిలవడం అయిపోయాక "ప్రెజెంట్ సార్" అని ఇంకొక్క గొంతు వినిపిస్తుంది. సైకిలు అబ్బాయికి మాత్రం ఏమీ తెలియదు. కొత్త స్నేహితుడు తనకేసి ఎందుకలా చూస్తాడో అర్థం కాక తల గోక్కుంటాడు.

నియమాలు లేకుండా నాకు ఏ పనీ నడవదు. పుస్తకం చివరి పేజీలో దెయ్యం నియమాలు వరసగా రాసిపెట్టాను. ఒకటి: నీడ క్షణం ఆలస్యంగా కదులుతుంది. రెండు: నడిచిన చోట దుమ్ము లేవదు. మూడు: మంచినీళ్ళు తాగదు. నాలుగు: మిరప ఘాటు తగలదు.

నాలుగోది నేను కల్పించింది కాదు. మా వైపు ఎవరికైనా జ్వరం దిగకపోతే ఎండుమిరపకాయలూ ఉప్పూ దిగదుడిచి నిప్పుల్లో వేస్తారు. ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గితే ఏమీ లేనట్టు. ఘాటు రాకపోతే గాలో దెయ్యమో ఉన్నట్టు. మిరప పండే ఊళ్ళో పుట్టినవాడెవడూ దీన్ని అనుమానించడు. నేనూ అనుమానించలేదు.

పుస్తకం బెంచీల కింద నుంచి బెంచీల కిందికి తిరిగేది. పేజీల అంచులకు చెమటా, చింతకాయ మరకలూ అంటుకుని తిరిగొచ్చేది.

జనవరి చివర్లో, మూడో పీరియడ్‌లో, హెడ్మాస్టరు గారు ఒక కొత్త కుర్రాణ్ణి తీసుకొచ్చి మా తరగతిలో నిలబెట్టారు. ఒక్కడూ ఈల వేయలేదు. మామూలుగా కొత్తవాడొస్తే ఈలలు వేసే క్లాసది. నా మిత్రుడు బెంచీ కింద నా తొడ గిల్లాడు. నేను పుస్తకం తెరిచి చూడలేదు. చూడక్కర్లేదు. సన్నటి ముఖం, మగవాళ్ళ క్రాపు సరిగా కుదరని జుట్టు, ఎడమ కంటి కింద పుట్టుమచ్చ. నెలరోజులుగా వాడు గీస్తున్న ముఖం అదే. పుట్టుమచ్చ కూడా వాడు పెట్టిందే. "ఎందుకు పెట్టావురా?" అని నేను ఒకసారి అడిగితే, "పెన్ను కక్కిందిలే" అన్నాడు.

తర్వాతి సంవత్సరాల్లో నేను ఇంజనీరింగు చదివాను. ఈ కథలో జరిగినవాటికి నా దగ్గర సమాధానాలున్నాయి. ఆ ముఖం ఎలా కలిసిందన్న ఈ ఒక్కదానికి మాత్రం లేదు.

కొత్తవాడు కిటికీ పక్క ఖాళీ బెంచీలో కూర్చున్నాడు. గొంతు సన్నం. రెండు చెవులకూ కుట్టు రంధ్రాలు, వాటిలో వేపపుల్లలు. ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా గుండీలు పెట్టుకునేవాడు. ఒకరోజు బోర్డు తుడవడానికి చెయ్యి ఎత్తితే మణికట్టు చుట్టూ సన్నటి గీతలు కనిపించాయి, గాజులు గీరుకున్నట్టు. ఆ సాయంత్రానికి ఆ సంగతి బడంతా పాకింది.

"నీడ చూశావా ఏందిరా?"

"ఏడ చూడనిస్తాడు? గోడవారగా నడుస్తాడు గదా!"

"నీళ్ళు?"

"ఇంటి దగ్గర్నుంచి సీసా తెచ్చుకుంటన్నాడు. బోరింగు నీళ్ళు ముట్టుకోడు."

మూడు నియమాల సంగతి తేలలేదు. నాలుగోది పరీక్షించవచ్చు. పరీక్షించమని అడిగింది క్లాసు, పద్ధతి చెప్పింది నేను. ఇది దాచను. సుద్దముక్కల రేకుడబ్బాలో కాగితాలు వేసి అంటించాలి, పిడికెడు ఎండుమిరపకాయలు వేయాలి, గాలివాటున ఉన్న తలుపు దగ్గర పెట్టాలి. అన్నం బెల్లు కొట్టాక, మిట్టమధ్యాహ్నం, అతను ఒక్కడూ బెంచీలో కూర్చుని ఏదో రాసుకుంటున్నప్పుడు అలాగే చేశాం. ఎవరికీ అనుమానం రాకూడదని పదిమందిమి లోపలే కూర్చున్నాం.

పొగ లేచింది. ముందు బెంచీవాడు తుమ్మాడు. తర్వాత అందరం ఒకరి మీద ఒకరు పడుతూ, కళ్ళు మూసుకుని, దగ్గుతూ వరండాలోకి దూకాం. నాకు ఊపిరి అందలేదు. కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూశాను. గదంతా నీలంగా పొగ. అందులో అతను తల వంచుకుని రాసుకుంటూనే ఉన్నాడు. పేజీ తిప్పాడు. కాసేపటికి తలెత్తి, పొడి కళ్ళతో మా అందరికేసీ చూసి, "ఏందిరా, ఎందుకట్టా పరిగెత్తారు?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. పక్కనున్నవాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

మర్నాటి నుంచి అతని ముందు బెంచీ, వెనక బెంచీ ఖాళీ. ఎవరో అతని బెంచీ చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు. రోజూ పొద్దున అటెండరు ఊడ్చేస్తే మళ్ళీ గీసేవారు. నా మిత్రుడు బొమ్మలు వేయడం మానేశాడు. "నాకొద్దురా. నేను ఏది గీస్తే అది వస్తంది" అని పుస్తకం నా ఒళ్ళో పడేశాడు.

ఫిబ్రవరిలో రెండో శనివారం, మా మేనమామకు అన్నం క్యారేజీ ఇచ్చి రమ్మని అమ్మ పంపింది. మామయ్యది మిరపకాయల వ్యాపారం. ఊరి బయట కల్లంలో అరెకరం మేర కాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఎరుపు మీద ఎండ పడితే గాలి కూడా ఎర్రగా కనిపిస్తుంది. టార్పాలిన్ పట్టాల పందిరి కింద చర్చి పక్క పేట నుంచి వచ్చిన ముఠా, ముప్ఫైమంది ఆడవాళ్ళు, ముక్కులకు గుడ్డలు కట్టుకుని తొడిమలు తీస్తున్నారు. ఒకరు తుమ్మితే ఇంకొకరు దగ్గుతున్నారు. ముప్ఫైమందిలో ఎవరో ఒకరి దగ్గు ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

చివరి వరసలో లంగా ఓణీ వేసుకున్న ఒక అమ్మాయి ముక్కుకు గుడ్డ లేకుండా కూర్చుని ఉంది. దగ్గడం లేదు. వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. ఆమె తలెత్తింది. ఎడమ కంటి కింద పుట్టుమచ్చ.

క్యారేజీ నా చేతిలోనే ఉంది, కానీ చేతికి దాని బరువు తెలియలేదు. ఆమె మగబట్టలు వేసుకుని బడికి వస్తుంది, సెలవురోజు తన అసలు రూపంలో ఉంటుంది. నా కథే. నేను ఆమె నీడకేసి చూశాను. పందిరి కింద ఎవరికీ నీడలు లేవు.

"ఏరా అల్లుడూ, ఎండదెబ్బ కొట్టిందా ఏంది? అట్టా నిలబడ్డావ్!" అని మామయ్య కేకేశాడు.

ఆమె లేచి నీళ్ళ కుండ దగ్గరికి నడిచింది. నా పక్కగా వెళుతూ, పెదవులు కదలకుండా, బడిలో విన్న అదే సన్నటి గొంతుతో అంది: "చెప్పమాక. గోడ వెనక్కి రా."

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. గోడ వెనక అతను ఓణీ కొంగుతో ముఖం తుడుచుకుంటున్నాడు. చేతులకు ఆకుపచ్చ మట్టిగాజులు, చెవులకు పుల్లల చోట గిల్టు దిద్దులు.

"మా అమ్మకి మణికట్టు విరిగింది" అన్నాడు. "ముఠాలో తల తగ్గితే ఆ చోటు ఇంకోళ్ళకి పోద్ది. బడి ఉన్నరోజు మా పిన్ని కూర్చుంటది. సెలవురోజు నేను."

"మరి ఈ వేషం?"

"మగ చెయ్యి తగిలితే కాయ చిట్లిపోద్దని మీ మామయ్య మగపిల్లోళ్ళని తొడిమలకి పెట్టడు. నీకు తెలవదా?"

తెలుసు. మా వైపు వ్యాపారులందరూ అదే అంటారు. మగవాళ్ళు బస్తాలు మోయాలి, ఆడవాళ్ళు తొడిమలు తీయాలి. అతను తీసిన కాయ ఒక్కటీ చిట్లలేదని ఆ పూట నా కళ్ళతో చూశాను.

"ఘాటు?"

"కూర్చోడం వచ్చిన కాడ్నించి అమ్మ పక్కన కాయల్లోనే గదా పెరిగింది. నాకేం తెలవదు. అందరూ దగ్గుతుంటే వింతగా ఉంటది."

నాకు ఒక్కసారిగా తేలికగా అనిపించింది. సోమవారం క్లాసులో చెప్పేస్తానని, అందరి భయమూ పోతుందని అన్నాను. కారణాలు వరసగా చెబితే సరిపోతుందన్నాను. అతను నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కారం అంటిన వేళ్ళు నా చర్మాన్ని మండించాయి.

"చెప్పావంటే మీ మామయ్య ముఠాని మొత్తం పంపించేస్తాడు. అది ఒకటి. బళ్ళో లంగా వేసుకునేవాడని తెలిస్తే వాళ్ళు నన్ను బతకనిస్తారా? దెయ్యమంటే భయపడి దూరంగా ఉంటారు. ఉండనీ. నాకు పదో తరగతి కావాలి. అంతవరకూ దెయ్యంగానే ఉండనీ."

"ఎవరూ మాట్లాడరు నీతో."

"మాట్లాడకపోతే పరీక్ష రాయనియ్యరా ఏంది?"

అలా నేను మాటిచ్చాను. మాట నిలబెట్టుకోవడానికి పుస్తకం ఆగకూడదు. భయం పలచబడితే ఎవడో ఒకడు అతని చొక్కా చేతులు పైకి లాగి చూస్తాడు. నేను కథ రాసి, కాగితాలు కల్లం గోడలో వదులుగా ఉన్న ఇటుక వెనక పెట్టేవాణ్ణి. బొమ్మలు వేస్తానన్నది అతనే, వేసి మళ్ళీ అక్కడే పెట్టేవాడు. నా మిత్రుడి కంటే బాగా వేసేవాడు, ముఖ్యంగా చేతులు. కథలో అమ్మాయి తలగుడ్డ కట్టుకున్న చోట, "ఇట్టా కాదు కట్టేది" అని పక్కన రాసి దిద్దాడు. క్లాసులో ఎవరికీ ఆ బొమ్మలు ఎవరు గీస్తున్నారో తెలియదు. నా మిత్రుడు తాను గీయలేదని ఒట్టేశాడు. నాకు గీత రాదని అందరికీ తెలుసు. ప్రతి సోమవారం కొత్త పేజీలు నా డెస్కులో ఉండేవి. భయం రెట్టింపయింది.

కొందరి తల్లిదండ్రులు హెడ్మాస్టరు గారి దగ్గరికి వచ్చారు. ఒక కుర్రాడికి జ్వరం తగ్గడం లేదట. వాళ్ళమ్మ, "ఆ పిల్లోణ్ణి తీసేయండి సార్, లేకపోతే మావాణ్ణి మాన్పిస్తాం" అంది. హెడ్మాస్టరు గారు అతన్నీ, పుస్తకం రాసేవాణ్ణి గనక నన్నూ పిలిపించారు.

"ఏరా, నువ్వు దెయ్యానివా?"

"వాళ్ళు అట్టా అంటన్నారు సార్."

"దెయ్యమైతే పాత బళ్ళో టీసీ ఎవరిచ్చార్రా? ఏమ్మా, దెయ్యానికి అక్కడ త్రైమాసికంలో లెక్కల్లో ఎనభై వస్తాయా?" అని ఆయన జ్వరం కుర్రాడి తల్లికేసి తిరిగారు. తర్వాత నన్నడిగారు: "నీకేమైనా తెలుసా?"

నాకు అన్నీ తెలుసు. నాలుగు వాక్యాల్లో చెప్పగలను. అతను నాకేసి చూడలేదు, నేల చూస్తూ నిలబడ్డాడు. "తెలియదు సార్" అన్నాను. ఆయన అతణ్ణి తీసేయలేదు. ముందు వరసలో, మాస్టారి బల్ల పక్కన, ఒంటరిగా ఒక స్టూలు వేయించారు.

పదో తరగతి ముగిసే వరకూ అతను ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. ఎవరూ అతని పేరు పెట్టి పిలవలేదు. నేను కూడా బడిలో మాట్లాడలేదు, మాట్లాడితే అనుమానం వస్తుందని. మాట్లాడవలసిన అవసరం లేక అతను మాట్లాడటం మర్చిపోతున్నట్టుండేవాడు. మాస్టారు ప్రశ్న అడిగితే పెదవులు కదిలేవి, గొంతు తర్వాత వచ్చేది. అడుగు చప్పుడు కాకుండా నడవడం అలవాటైంది. ఒకరోజు బోరింగు దగ్గర చెయ్యి కడుక్కుని తిరిగితే, అడుగు దూరంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియలేదు. ఇటుక వెనక బొమ్మల్లో అమ్మాయి ముఖం కూడా మారుతూ వచ్చింది. చివరి పేజీల్లో ఆమెకు కళ్ళు గీయలేదు. ఎందుకని చీటీ రాసి పెట్టాను. జవాబు రాలేదు.

పరీక్షలు చీరాలలో పడ్డాయి. చివరి రోజు సోషల్ పేపరు అయ్యాక, అందరం గేటు బయట చొక్కాల మీద సిరా చల్లుకుంటున్నాం. పట్టపగలు, ఎదురుగా సోడా బండి, అరుపులు. అతను జనంలోంచి నా దగ్గరికి వచ్చాడు. అతను వస్తుంటే అందరూ పక్కకు తప్పుకున్నారు. అట్ట మీద పెన్నులు పెట్టుకుని వచ్చి, "బాగా రాశాను. అయిపోయింది గదా, ఇంక ఎవరేమనుకున్నా ఫర్వాలేదు" అన్నాడు. నవ్వాడు. ఆ నవ్వు చూసి ఏడాది దాటింది. కరచాలనానికి చెయ్యి చాపాడు.

అతని అమ్మ మణికట్టు సంగతి నాకు తెలుసు. గాజులు ఎక్కడ కొన్నదో తెలుసు. ముఠాలో అతను కూర్చునే చోటు తెలుసు. అన్నీ తెలిసిన నేను, ఆ చెయ్యి నా ముందుకు రాగానే, ఆలోచించకుండానే ఒక అడుగు వెనక్కి వేశాను.

అతను చెయ్యి కాసేపు అలాగే ఉంచి, తర్వాత దాన్ని అట్ట మీదికి తీసుకుని, పెన్నులు సర్దుకుని, బస్టాండు వైపు నడిచాడు.