రెండుసార్లు దంచిన బియ్యం

నా చిన్నప్పుడు మాకు బడి అంటే మా ఇంటి వసారానే. మా ఊరు గోదావరి ఇవతల, హిందీ రాజ్యంల ఉంది. ఊర్ల సర్కారు బడి లేదని కాదు, ఉండె. కానీ గురూజీ జెండా పండుగకు వచ్చి మిఠాయి పంచిపోతే మళ్ల జెండా పండుగకే కనపడేటోడు. వచ్చినా ఆయన హిందీ మా బుర్రకు ఎక్కేది కాదు. ఇంటి నిండ మేమే పిల్లలం. పెద్దనాయన పిల్లలు, మా నాయన పిల్లలు, చిన్నాయన పిల్లలు కలిసి ప్రార్థనకు కూర్చుంటే కాలు పెట్ట జాగ ఉండేది కాదు. అందరికీ మా నాయనమ్మే పంతులమ్మ. వయసుల ఉన్నప్పుడు గోదావరి అవతల మిషన్ ఆస్పత్రిల ఆయాగ చేసి, అక్కడ నేర్చుకున్న అక్షరాలు ఆమెవి.

నాకు అమ్మ లేదు. నేను పాలు మరవకముందే పోయిందట. తల్లి లేని పిల్లకు కండ్లెక్కువ. ఎవరి గిన్నెల ఎంత కూర పడ్డది, ఎవరి తల ముందు దువ్విన్రు, అన్నీ కనిపెడతది. నేను అట్లనే పెరిగిన, అందరి మీద అనుమానం తోటి.

మా నాయనమ్మ అందరికీ ఒక్కతీరుగ చెప్పేది కాదు. పెద్దనాయన బిడ్డ, మా అక్క, ఒక్కసారి చూస్తే చాలు, పలక మీద దించేది. నత్తి ఉన్న అన్నకు పాఠమంతా రాగం కట్టి చెప్పేది. రాగంల వాని నత్తి యాడికో పోయేది. కుదురుగ కూర్చోని మా తమ్మునికి వాకిట్ల చింతగింజలతోటి అక్షరం పోసి, దాని మీద నడువమనేది. నాకు మాత్రం ఏదీ రాలే. పలక పట్టుకుంటే అక్షరాలు చీమల్లెక్క చెదిరిపోయేటియి. ఒకనాడు నాయనమ్మ నా చేతిల పలక తీసి తమ్మునికి ఇచ్చి, నువ్వు రావే, వడ్లు దంచుదాం అన్నది. ఆనాటి నుంచి వాళ్లు చాప మీద, నేను రోటికాడ.

ఒక్క రోటిల ఇద్దరు దంచితే లయ తప్పొద్దు. తప్పితే రోకళ్లు ఒకదానికొకటి తగిలి మణికట్టు జివ్వుమంటది. అందుకే ఊరోళ్లు దంచేటప్పుడు పాట పాడేటోళ్లు. మా ఇల్లు యేసు సంఘంల కలిసినంక ఆ పాటలు మానేసిన్రు. పాట జాగల నాయనమ్మ దేవుని వాక్యం పెట్టింది. ఆమె పోటుకు ఆమె ఒక మాట, నా పోటుకు నేను తర్వాతి మాట. నాకు అది చదువు అనిపించలే. చేతులు నొవ్వకుండ ఏదో అనుకుంటున్నం అనుకున్న.

అగ్గి రాజేసింది చిన్నాయన పెండ్లాం, మా చిన్నమ్మ. నూకలు చెరుగుతూ ఒకనాడు నా చెవుల వేసింది. "నీకు చదువెందుకే పిల్లా, నిన్ను ముసల్ది దంపుడుకే ఉంచుకుంది. తల్లుంటే అడిగేది." ఆ మాట ముల్లై దిగింది. చెయ్యి నొస్తుందని అబద్ధం చెప్పి చూసిన. నాయనమ్మ నా అరచెయ్యికి ఇప్పనూనె రాసి, ఈ చెయ్యి నొస్తే ఆ చెయ్యి ఉంది గద అన్నది. నా అనుమానం ఇంకింత గట్టిపడ్డది.

ఆ ఏడు కోత పండుగకు నా ఈడు పిల్లలంతా ప్రార్థన గుడిల నిలబడి వాక్యం చెప్పాలె. చెప్పిన పిల్లే తన చేతితోటి కొత్తబియ్యం చాటను ముందర పెడతది. చెప్పలేనోళ్లు పెద్దల ఎనక కూర్చోవాలె. నేను లోపల్లోపల లెక్క కట్టుకున్న: చాట నా చేతికి వస్తే ఈ ఇంటి బిడ్డను, రాకుంటే ఈ ఇంటి పనిపిల్లను.

పండుగ దగ్గరికొచ్చినప్పుడు ఒకటి నా కంట పడ్డది. నాయనమ్మ గంప నుంచి రోటిల పోసింది వడ్లు కాదు, నిన్న మేమిద్దరం దంచిన బియ్యమే. తెల్లగ ఉన్నయి, ఒక్క పొట్టు లేదు. దంచినయే మళ్ల దంచుడేంది? పని లేకున్నా నాకు పని పెడుతున్నదని తెలిసిపోయింది. ఆ దినం రోకలి మీదనే నా ఏడుపంతా తీర్చుకున్న. ఇంట్ల చూస్తే అన్నీ నూకలే. పూటపూటకూ నూకల జావ. "అత్తకు మతి పోయింది, బియ్యమంతా పిండి చేస్తున్నది" అని చిన్నమ్మ గొణిగేది. మొదటిసారి నేనూ చిన్నమ్మ ఒక్క మాట మీదికి వచ్చినం.

పండుగనాడు అక్క చెప్పింది, అన్న రాగం తీసి చెప్పిండు. ఇద్దరూ చాటలు పెట్టిన్రు. పాస్టరయ్య నన్ను పిలిస్తే నిలబడ్డ. నోట్ల ఏమీ లేదు. చేతులు ఉట్టిగ వేలాడుతున్నయి, వాటిని ఏం చెయ్యాల్నో తెలుస్తలే. చిన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుకో మరి దేనికో. అప్పుడు ఆడోళ్ల చాపల మీద నుంచి ధబ్‌మని చప్పుడైంది. నాయనమ్మ అరచేత్తో నేల కొట్టి, తన మాట అన్నది. నా చెయ్యి దానంతట అదే లేచింది. దిగంగనే నా మాట వచ్చింది. ఆమె ధబ్, నేను ధబ్. గాలిల రోకలి ఎత్తి దంచుతున్న నన్ను చూసి పిల్లలు నవ్విన్రు, పాస్టరయ్య కూడా మీసాల కింద నవ్విండు. సగం దాకా వచ్చినంక నాయనమ్మ మాట ఆపేసింది. చెయ్యి మాత్రం కొడుతున్నది. ఇగ లయ తప్పి రోకళ్లు తగుల్తయి అనుకునేలోపే, ఆమె మాట కూడ నా నోటి నుంచే వచ్చింది. ఆఖరి దాకా రెండు పోట్లూ నావే.

చాట పట్టుకుంటే బియ్యం నూకలు నూకలుగ ఉన్నయి. అప్పుడు అర్థమైంది. వడ్లు ఎప్పుడో అయిపోయినయి. నా వాక్యం కాలేదు.

ఇంటికొచ్చి, నాకు నేర్పుదామనే దంపిచ్చినవా అని అడిగిన. "వడ్లు దంచకుంటే బువ్వెట్ల తింటవే" అన్నది, అంతే. పోయేదాక ఒప్పుకోలే.

నాకు ఇప్పటికీ సంతకం మించి రాదు. ఈ మాటలు నేను చెప్తుంటే పెద్ద మనవరాలు రాస్తున్నది. మా ఆయన చనిపోయిన ఏడు ఇంట్ల మనసు నిలువక, ఒంటరిగ కూర్చొని తొడ మీద చేత్తో కొట్టుకుంటూ ఆ వాక్యమే చెప్పుకున్న, రెండు పోట్లూ నేనే. అనుమానం నాకు పోలే, కానీ దాని దిక్కు మారింది. ఫలానా పిల్లకు చదువు రాదని ఎవరన్నా అంటే ఆ అన్నోళ్లనే నమ్మను.

మొన్న చిన్న మనవరాలికి ఏదీ ఎక్కుతలేదని కోడలు మొత్తుకుంది. ఇప్పుడు బియ్యం రాశన్‌ల వస్తయి, రోలు పెరట్ల బోర్లించి ఉంది. నిన్న దాన్ని తిప్పి కడిగిన. పిల్ల చేతి నుంచి పుస్తకం తీసి రోకలి ఇచ్చిన. అది నా దిక్కు అనుమానంగ చూసింది.

చూడనీ.