ఒత్తులు రాని తెలుగు టీచరు

ఆ రోజుల్లో మా దీవుల్లో పెద్దవాళ్ళకి ఒక గట్టి నమ్మకం ఉండేది. తెలుగు మాట్లాడేవాళ్ళందరికీ తెలుగు చదవడం కూడా దానంతటదే వచ్చేస్తుందని. ఆ నమ్మకం పుణ్యమా అని ఇరవై రెండో ఏట నాకు తుష్నాబాద్‌లో ఒక చిన్న బడిలో తెలుగు టీచరుగా తాత్కాలిక ఉద్యోగం దొరికింది. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. నేను పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి హిందీ బడిలో చదువుకున్నదాన్ని. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, తగువు పడటానికి రెండూ. ఆదివారం చర్చిలో తెలుగు పాటల పుస్తకం తెరిచి పట్టుకుని అందరికంటే గట్టిగా పాడేదాన్ని కాబట్టి నా చదువు మీద మా అమ్మకి ఏనాడూ అనుమానం రాలేదు. (పాటలన్నీ నాకు కంఠతా వచ్చు. పుస్తకం తలకిందులుగా ఉన్నా పాట ఆగేది కాదు.) ఉద్యోగం అడగడానికి వెళ్ళినప్పుడు బడా సార్, అంటే మా హెడ్మాస్టరు, ఒక వాచకం చేతికిచ్చి చదవమన్నారు. ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. నేను పుస్తకం మీదే కళ్ళుంచి, చర్చిలో చెప్పే ప్రార్థన ఒకటి గడగడా అప్పజెప్పాను. చివర్లో ఆమెన్ దగ్గర మాత్రం నాలుక కరుచుకున్నాను. ఆయన బహుత్ అచ్ఛా అన్నారు.

అక్షరాలు రాకపోలేదు. చిన్న చిన్న మాటలు కూడబలుక్కుని చదివేదాన్ని. ఒత్తు కనిపిస్తే మాత్రం కొండ ఘాటీలో చెడిపోయిన బస్సులా ఆగిపోయేదాన్ని. మొదటి రోజు మూడో తరగతిలో పదకొండు మంది పిల్లల ముందు పాఠం తెరిస్తే రెండో వాక్యంలోనే 'మత్స్యకారుడు' ఎదురొచ్చాడు. నేను పుస్తకం మూసి, "నేను చదివితే మీకేటొస్తాది? మీరే చదవండి" అన్నాను. ఆ పిల్లల్లో ఒకమ్మాయికి, వాళ్ళ తాతయ్య దగ్గర పలక మీద దిద్దినందువల్ల, ఒత్తులన్నీ వచ్చు. మేమంతా ఆమెని ఒత్తుల రాణి అనేవాళ్ళం. ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు వరస మీద వేలు పెట్టి చూడాలి. ఎక్కడైనా పేచీ వస్తే, ఆమెని పరీక్షిస్తున్నట్టు మొహం పెట్టి, నువ్వేమంటావని రాణినే అడిగేదాన్ని. తర్వాత పుస్తకాలు మూయించి, ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు, నువ్వైతే ఏం చేసేవాడివి అని అడుగుతూ కూర్చునేదాన్ని. అడగడానికి చదవడం రానక్కర్లేదు కదా. సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ రాణి చెప్పిన మాటల్ని పుస్తకంలో వెతుక్కుని నేర్చుకునేదాన్ని. ఆ క్లాసులో పన్నెండో విద్యార్థిని నేనే.

సంవత్సరం చివర్లో కబురొచ్చింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి తెలుగు తెలిసిన ఆఫీసరు వస్తున్నారట. పిల్లలకి చదవడం రాకపోతే తెలుగు క్లాసు తీసేసి అందర్నీ హిందీలో కలిపేస్తారని బడా సార్ చెప్పారు. ఎన్నో అర్జీలు పెట్టి ఆ క్లాసు తెచ్చుకున్న పిల్లల అమ్మానాన్నల మొహాలు గుర్తొచ్చి ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. పది రోజులు ఒకటే పునశ్చరణ. లింగాలు, వచనాలు, కాలాలు. (ఒక పిల్లవాడు నీళ్ళకి ఏకవచనం ఏమిటని అడిగితే, ఒక గ్లాసు నీళ్ళు అని చెప్పాను. దేవుడు క్షమించుగాక.)

వచ్చినాయన సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. సంచిలోంచి ఒక కాగితం తీసి, మీరు చదవండి, పిల్లలు విని జవాబులు చెబుతారు అన్నారు. మొదటి వాక్యం దాటాను. రెండో దాంట్లో ఒక ఒత్తు కింద ఇంకో ఒత్తు. అక్కడే ఆగిపోయాను. రాణి నా కోసం పెదవులు కదుపుతోంది కానీ వినపడదు.

"సార్, నాకు ఒత్తులు సరిగ్గా రావు," అన్నాను. "పిల్లలకొచ్చు. ఆళ్ళ చేత చదివించండి. తప్పు నాది, క్లాసు తీసెయ్యకండి."

ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకున్నారు. దాన్ని రాణికి కాకుండా, అందరికంటే ఎక్కువ తడబడే పిల్లకి ఇచ్చారు. నా ప్రాణం సగం పోయింది. ఆ పిల్ల వేలు పెట్టి, ఆగి ఆగి, చివరిదాకా చదివింది. ప్రశ్నలు అడిగితే పిల్లలు సగం తెలుగు, సగం హిందీలో పోటీలు పడి చెప్పారు. ఆఖర్న ఆయన, "రేపు నాన్న డిగ్లీపూర్ వెళ్తాడు" అనే వాక్యాన్ని నిన్నటికి మార్చమన్నారు. (అక్కడికి ఓడ మీదే వెళ్ళాలి.)

ఆ తడబడే పిల్లే లేచింది. "నిన్న ఎల్నేదండి. జహాజ్ రానేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. భూతకాలం వ్యతిరేకార్థంతో సహా వచ్చేసిందన్నారు.

వరండాలోకి పిలిచి, చదివించే ఈ పద్ధతి ఎవరు నేర్పారని అడిగారు. "భయం నేర్పింది సార్" అన్నాను. క్లాసు ఎక్కడికీ పోదనీ, సెలవుల్లో నేను కుదురుగా కూర్చుని ఒత్తులు నేర్చుకోవాలనీ చెప్పి ఆయన వెళ్ళిపోయారు. నేను కొళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని, అక్కడే గట్టు మీద కూలబడ్డాను. బడా సార్ ఆదుర్దాగా వచ్చి పిల్లలు పాసయ్యారా అని అడిగారు.

"హా సార్," అన్నాను. "మై భీ."

ఆ సెలవుల్లో రాణి వాళ్ళ తాతయ్య ముందు బుద్ధిగా కూర్చుని ఒత్తులు దిద్దాను. తర్వాత ఉద్యోగం ఖాయమైంది. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఎక్కడా ఆగకుండా, రాగయుక్తంగా చదివి వినిపించే టీచరునని పేరు కూడా తెచ్చుకున్నాను. నేను చదువుతుంటే పిల్లలు చేతులు కట్టుకుని, చప్పుడు చేయకుండా వినేవారు. నిజానికి అంత చప్పుడు లేకపోవడం నాకే అప్పుడప్పుడు బాగుండేది కాదు. అలాంటప్పుడు, పుస్తకం మూసేసి పిల్లల మొహాల్లోకి ఆశగా చూసే ఆ ఇరవై రెండేళ్ళ అమ్మాయి గుర్తొచ్చేది. పాపం, ఏమీ రాదు. కానీ క్లాసు ఎంత బాగా జరిపేదో.