చెరకు జీన్లూ, నా బేరం బుద్ధీ

వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు మాది. ఎదుటివాడు మొదట చెప్పినదానికి ఎన్నడూ ఒప్పుకోకూడదని అక్షరాలకంటే ముందే నేర్చుకున్నాను. పరిశోధనలో చేరినా ఆ చదువు నన్ను వదల్లేదు.

ఎర్రకుళ్ళు తెగులు సోకిన ఉయ్యూరు చెరకులో ఏ జీన్లు ఎక్కువగా పనిచేస్తున్నాయో తేల్చడం నా పని. ఫలితాల పట్టిక మెయిల్లో వచ్చింది: జీను పేరు, దాని పని ఎంత మారింది, ఆ మార్పు ఎంత నమ్మదగ్గది. ముందు ఎక్సెల్‌లో తెరిచి, మార్పు అంకెల్లో పెద్దవి పైకొచ్చేలా సర్దబోయాను. పక్క గడులు కూడా కలిపి సర్దమంటారా అని తెరమీద ఓ పెట్టె అడిగింది. అడక్కుండా ఇస్తానన్న సరుకంటే నాకు అనుమానం. వద్దన్నాను. పైన కనిపించిన జీను పేరు గైడు గారికి ఫోన్లో చెప్పేశాను. మర్నాడు ఉయ్యూరులో రైతుల ముందు ఆయన దాని గురించే మాట్లాడాలి.

మర్నాడు ఉదయం ఆ ఫైలునే ఆర్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, ఒక్కో జీనుకీ ఒక్కో చుక్క పడే బొమ్మ గీయించాను. రెండు రెక్కలు విప్పినట్టు రావాల్సిన చుక్కలు గచ్చు మీద ఒలికిన ఆవాల్లా చెదిరిపోయాయి.

పక్క సీటు జూనియర్ తొంగి చూసింది. చేపల వ్యాపారం చేసే ఇంటి పిల్ల.

“అక్కా, తెగులొచ్చినా రాకున్నా కదలని ఆక్టిన్ జీను అంత దూరం పోయిందేంటి?”

“భయపడి పారిపోయిందేమోలే.”

“నవ్వకక్కా. ఎవరి చేప ఎవరి బుట్టలో పోశావో చూసుకో.”

చూసుకున్నాను. అంకెలు మాత్రమే కదిలాయి, పేర్లు ఉన్నచోటే ఉన్నాయి. ప్రతి జీనుకీ ఇంకోదాని అంకె! నేను కిరీటం పెట్టిన జీను గొప్పల్లా పట్టికలో మొదటి వరసలో ఉండటమే.

మెయిల్లోని అసలు ఫైలుని ఎక్సెల్ గడప తొక్కనివ్వకుండా నేరుగా ఆర్‌లోకి ఎక్కించాను. రెక్కలు విచ్చుకున్నాయి. నా జీను అడుగున, సున్నా పక్కన నక్కి ఉంది.

ఉయ్యూరు బయల్దేరిన గైడు గారికి ఫోన్ చేశాను.

“కంకిపాడు దాటామమ్మా, చెప్పు.”

“సార్, నిన్న చెప్పిన జీను తప్పండి.”

“ఎంతవరకు తప్పు?”

సగమే అందామని నోరు తెరుచుకుంది.

“పూర్తిగానండి. సర్దేటప్పుడు నేనే చెడగొట్టాను.”

“స్లైడు పెట్టేశాం కదమ్మా. ఇప్పుడు పైనున్నదేదో ఆ పేరు చెప్పు, మార్చేస్తాను.”

పేరు నాలుక చివరే ఉంది.

“వద్దండి. ఇంకోసారి సరిచూడందే ఏ పేరూ చెప్పలేను. ఆ స్లైడు తీసేయండి.”

“తీసేస్తాను” అని ఫోన్ పెట్టేశారు. నేను పాత బొమ్మలో నా తప్పు పట్టించిన ఆక్టిన్ చుక్కనే చూస్తూ కూర్చుండిపోయాను.