తోడల్లుడు కనిపెట్టిన చప్పుడు

మా తోడల్లుడి మీద నాకు అసూయ ఉందని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆయన మా ఆవిడ చెల్లెలి భర్త. నాకంటే ఆరేళ్లు చిన్న. మాసబ్ ట్యాంక్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం. మా అత్తవారిది గుంటూరు వైపు, ఆయనది కరీంనగర్ వైపు. వాళ్లది ప్రేమ పెళ్లి కావడంతో మా మామగారు ఏడాదిపాటు ఇంట్లో ఆయన పేరెత్తనివ్వలేదు. నన్ను మాత్రం జాతకం చూసి, ఉద్యోగం చూసి, మా బంధువుల్లో నలుగురిని విచారించి ఏరికోరి తెచ్చుకున్నారు. అయినా ఇప్పుడు మామగారికి పళ్ల డాక్టరు కావాలన్నా, కరెంటు మీటరు మార్పించాలన్నా మొదటి ఫోను చిన్నల్లుడికే వెళ్తుంది. అంతా అయ్యాక నాకు చేసి, "మీకెందుకు శ్రమ అని చెప్పలేదండీ, పని అయిపోయిందిలెండి" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా లోపల ఎక్కడో చురుక్కుమంటుంది.

అది పూర్తిగా బయటపడింది మా కారు రిపేరు గొడవలో.

నేను అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఇల్లు పంజాగుట్టలో. క్లాసులకు నడిచే వెళ్తాను కాబట్టి కారు తీసేది ఆదివారాలు, పండగలప్పుడే. దాన్ని తొమ్మిదేళ్లుగా ఒకే మెకానిక్‌కి ఇస్తున్నాను. హాస్టళ్ల సందులో రేకుల షెడ్డు ఆయనది. లావుపాటి మనిషి, మాట తక్కువ, పని శుభ్రంగా ఉంటుంది.

పోయిన చలికాలంలో కారులో ఒక చప్పుడు మొదలైంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగుతూ కుడివైపు తిరిగితే టకటకమని కొట్టేది. షెడ్డుకి తీసుకెళ్లాను. మెకానిక్ నా పక్కన కూర్చుని ఒక చుట్టు తిరిగాడు. చప్పుడు రాలేదు. అయినా నా మాట కాదనలేక ముందు చక్రాల దగ్గర ఏవో రబ్బర్లు అరిగాయని మార్చాడు. ఆ ఆదివారమే, సోమాజిగూడ ఆసుపత్రిలో ఎవరినో పలకరించడానికి మా ఆవిడ, పాప, నేను ముగ్గురం వెళ్తుంటే మళ్లీ టకటక. మర్నాడు మళ్లీ ఇచ్చాను. సాయంత్రం వెళ్తే, "నడిపి చూసిన సార్, ఏం సౌండ్ లేదు" అన్నాడు. ఇంకో ఆదివారం మళ్లీ అదే చప్పుడు.

మూడోసారి వెళ్లినప్పుడు షెడ్డులో జనం ఉన్నారు. ఆయన ఒక ఆటో కింద పని చేసుకుంటున్నాడు. నేను చెప్పింది విని, తల బయటపెట్టి, "నాకైతే ఇనబడ్తలేదు సార్. గా సౌండ్ మీ చెవులల్లనే ఉన్నట్టుంది" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఆయన సరదాకే అన్నాడేమో. రోజంతా కుర్రాళ్లకు పాఠాలు చెప్పే మనిషిని, నలుగురిలో నవ్వులపాలు కావడం నాకు అలవాటు లేదు. "పని రాకపోతే రాదని చెప్పు. ఇలా జనాన్ని మోసం చేసి ఎన్నాళ్లు బతుకుతావ్?" అన్నాను. తొమ్మిదేళ్లలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు.

ఆయన ఆటో కిందనుంచి బయటికి వచ్చాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. గోడకున్న మేకు నుంచి తాళం తీసి నా చేతిలో పెట్టి, "బండి తీస్కపోండి సార్. ఇంకోకాడ చూపిచ్చుకోండి" అని మళ్లీ కిందికి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి వినియోగదారుల ఫోరానికి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. ఒకటికి మూడుసార్లు తిరగరాశాను. మా ఆవిడ చదివి, కాగితం బల్లమీద పెట్టింది. "ఎందుకండీ ఇంత దూరం? మరిదిగారికి ఒకసారి చెబుదాం. ఆయనకి వీళ్లతో మాట్లాడడం తెలుసు."

"నాకు తెలీదా మాట్లాడడం?"

ఆమె చెల్లెలికి ఫోన్ చేసింది.

శనివారం పొద్దున తోడల్లుడు స్కూటర్ మీద వచ్చాడు. నేను ఫిర్యాదు కాగితం చేతికిచ్చాను. చదివాడో లేదో, మడిచి నాకే ఇచ్చి ఉప్మా తినడం మొదలుపెట్టాడు. తింటూ తింటూ మా ఆవిడని అడిగాడు.

"వదినా, గా సౌండ్ మీకు సుత ఇనబడ్తదా?"

"వినపడడమేంటి, సరిగ్గా నా కిందే కొడుతున్నట్టుంటుంది."

"మీరు ఎక్కడ కూసుంటరు?"

"వెనక, ఎడమవైపు. పాపకి వెనక కూర్చుంటే వాంతులు కదా, అది ముందు కూర్చుంటుంది."

ఆయన ఇక ఏమీ అడగలేదు. చేయి కడుక్కుని, "పోదాం పా అన్నా" అన్నాడు.

అప్పటికే నాకు సగం అర్థమైంది. అర్థమైనందుకు సంతోషం కలగలేదు. రెండు నెలలుగా నా వెనక సీట్లో కూర్చున్న మనిషిని నేను ఒక్క మాట అడగలేదు. ఈయన ఉప్మా తింటూ అడిగాడు.

షెడ్డులో తోడల్లుడు గొడవ ఊసే ఎత్తలేదు. ముందు మెకానిక్ ఊరు అడిగాడు. జగిత్యాల దగ్గర అని తెలిశాక ఇద్దరూ ఏ ఊళ్లో ఎవరు, ఏ స్కూల్లో ఎవరు అని పదినిమిషాలు మాట్లాడుకున్నారు. ఈ మెకానిక్ ఇంతగా మాట్లాడగలడని నాకు తెలియదు. ఆయన ఊరేదో కూడా నాకు అప్పుడే తెలిసింది. నేను కారు పక్కన నిలబడి మెట్రో రైళ్లు పోవడం చూస్తున్నాను.

చివరికి తోడల్లుడు అన్నాడు, "అన్నా, జర ఒక్కసారి బండ్ల కూసో. ముందట గాదు, ఎనుక. ఎడమదిక్కు."

మెకానిక్ నా వైపు చూడకుండా వెనక ఎక్కాడు. నేను నడిపాను. లేడీస్ హాస్టల్ ముందున్న స్పీడ్ బ్రేకర్ దిగి కుడివైపు తిప్పగానే టకటకమంది. ఇంకో సందులోకి తిప్పాను. మళ్లీ కొట్టింది.

"ఎనుక షాకప్," అన్నాడు మెకానిక్ మెల్లగా. "బరువు పడితెనే కొడ్తున్నది. నేను ఒక్కన్నే నడిపి చూస్తి గదా. ఎట్ల దొరుకుతది?" సీటు మీద చేత్తో తట్టి, "సార్ చెప్పింది నిజమే" అన్నాడు. ఆ మాట అన్నది నాతో కాదు, తోడల్లుడితో.

మధ్యాహ్నానికి కుదుపులు తట్టుకునే కొత్త షాకప్ వేశాడు. మళ్లీ తానే వెనక కూర్చుని రెండు చుట్లు తిప్పించాడు. చప్పుడు పోయింది. వెళ్లేటప్పుడు ఇద్దరూ ఫోన్ నంబర్లు తీసుకున్నారు. నేను నమస్కారం లాంటిది ఒకటి చేసి కారెక్కాను. తోడల్లుడికి థాంక్స్ కూడా చెప్పలేదు. ఇంటికి వచ్చి మా ఆవిడతో, "ఇంకో వారమైతే నేనే కనిపెట్టేవాణ్ని" అన్నాను. ఆమె పాపకి జడ వేస్తూ, "అవునండీ" అంది. ఇద్దరికీ తెలుసు అది అబద్ధమని.

అక్కడితో పోయుంటే బాగుండేది. నెలన్నర తర్వాత మా కుటుంబం వాట్సాప్ గ్రూప్‌లో మరదలు ఫొటోలు పెట్టింది. ఏదో ఫంక్షన్ హాలు. పట్టు లంగా ఓణీలో ఒక అమ్మాయి, ఆమె పక్కన కొత్త చొక్కాలో మెకానిక్, ఆయన భుజం మీద చేయి వేసి మా తోడల్లుడు. మెకానిక్ కూతురి ఓణీల ఫంక్షన్‌కి వీళ్లను పిలిచాడు. మామగారు ఆ ఫొటో కింద, "చిన్నల్లుడు గారు ఎక్కడికి వెళ్లినా చుట్టరికం కలుపుకొస్తారు" అని రాశారు.

ఆ రోజు క్లాసులో ఏం చెప్పానో నాకు గుర్తులేదు. తొమ్మిదేళ్ల పరిచయం నాది. ఒక్క పూట పరిచయం ఆయనది. రాత్రి భోజనాల దగ్గర ఉండబట్టలేక మా ఆవిడతో అన్నాను, "నన్ను పిలవాలని తట్టలేదు చూడు ఆ మెకానిక్‌కి."

"ఆయనకి కూతురుందని మీకు తెలుసా?" అంది.

తెలియదు.

"తనని మోసగాడన్న మనిషిని ఇంటికి ఎలా పిలుస్తాడండీ?" అంది. గట్టిగా అనలేదు. పెరుగు వడ్డిస్తూ మామూలుగా అంది.

రెండు రోజుల తర్వాత సాయంత్రం బ్యాచ్ అయిపోగానే షెడ్డుకి నడిచి వెళ్లాను. మెకానిక్ నా వెనక సందులోకి చూసి, "బండేది సార్?" అన్నాడు.

"బండి బాగానే ఉంది. మీతో మాట్లాడాలని వచ్చాను. ఆ రోజు నేను అన్న మాట తప్పు."

ఆయన ఒక టైరు మీద అట్టముక్క వేసి నన్ను కూర్చోమన్నాడు. తాను నిలబడే ఉన్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"గా దినం షెడ్ల మా మామ కూసున్నడు సార్. ఊర్లకెల్లి మొదటిసారి వచ్చిండు. వాళ్ల బిడ్డను ఇచ్చేటప్పుడు గీ పని చేసెటోనికి ఇయ్యనన్నడు. ఇరవై ఏండ్లయింది. నా పని ఎట్లుంటదో చూడు మామా అని పిలుచుకొచ్చిన. గాయన ముందటనే మీరు..." అని ఆపేశాడు.

నాకు ఇంకేమీ వినాల్సిన అవసరం లేకపోయింది. మామగారి కళ్లముందు తక్కువైపోవడం ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పాలా?

"మీ మామకి ఫోన్ చెయ్యండి" అన్నాను.

"ఇప్పుడెందుకు సార్, వదిలెయ్‌రి."

"చెయ్యండి."

చేసి ఇచ్చాడు. అవతల ముసలాయనకి నేనెవరో చెప్పడానికే రెండు నిమిషాలు పట్టింది. నా తెలుగు ఆయనకీ, ఆయన తెలుగు నాకూ ఒక్కసారికి అందలేదు. తప్పు నాదేనని, చప్పుడు ఎక్కడుందో నేను సరిగ్గా చెప్పలేకపోయానని, మీ అల్లుడి చేతికి తప్ప ఇంకెవరికీ నా కారు ఇవ్వనని చెప్పాను.

"మంచిది బిడ్డా," అన్నాడు చివరికి. "నేనేం అనుకోలే గని, మా బిడ్డ మస్తు బాధపడ్డది. ఆమెకు చెప్త."

ఫోన్ తిరిగి ఇచ్చాను. మెకానిక్ దాన్ని చొక్కాకి తుడిచి జేబులో పెట్టుకుని, టీ చెప్పడానికి రోడ్డు మీదికి వెళ్లాడు. ఎంతకీ రాలేదు. వచ్చినప్పుడు మొహం కడుక్కుని ఉన్నాడు.

ఇంటికి నడుస్తుంటే తేలిగ్గా ఉంది. అందులో కొంత గర్వం కూడా ఉంది, దాచడమెందుకు. ఇది మా తోడల్లుడు చేయని పని. మా ఆవిడతో అంతా చెప్పాను. ఆమె కళ్లు మెరిశాయి. "మంచి పని చేశారు. మరిదిగారికి చెబుదామా, ఎంత సంతోషిస్తారో" అని ఫోన్ అందుకుంది.

వద్దన్నాను. ఈ ఒక్క పనైనా ఆయన చేతికి అందకుండా నాదిగానే ఉండాలనిపించింది. కారణం అడిగితే, ఇంత చిన్నదానికి ఫోనెందుకు అన్నాను.