బెల్లం పొయ్యి గోడలో తేనెటీగలు

మొన్న మా బాల్కనీ గోడకున్న చిల్లు మూసెయ్యడానికి మేస్త్రీ సిమెంటు కలుపుకొస్తే, ఆ చిల్లులోంచి సన్నటి మైనపు గొట్టం పొడుచుకొచ్చి, దాని మూతి దగ్గర చీమల్లాంటి నల్ల ఈగలు కాపలా కాస్తూ కనిపించాయి. అవి కుట్టని తేనెటీగలని ఎంతమందికి తెలుసు? మేస్త్రీకి కాఫీ ఇచ్చి పంపేస్తే మా ఇంట్లోవాళ్లు నన్ను వింతగా చూశారు. ఒకప్పుడు ఇవి నా పరువు తీసినంత పని చేశాయని వాళ్లకేం తెలుసు!

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అనకాపల్లిలో ఒక పరిశోధన పథకంలో నాకు కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. ఎంత వేడికి ఈ ఈగలు గూడు విడిచి మేతకి బయల్దేరతాయి, ఎండ ముదిరితే ఎప్పుడు వెనక్కి తిరుగుతాయి అన్నది చూసి రాయడం పని. కె. కోటపాడు దగ్గర మా పెదనాన్న బెల్లం వండే పాకలో, పొయ్యి వెనక మట్టిగోడలో ఒక గూడు ఉండేది. నేను వారమంతా పెద్దమ్మ ఇంట్లోనే ఉండి, పెరట్లో మునగచెట్టుకి థర్మామీటరు కట్టి, గంటకోసారి గూటి ముందు ముక్కాలి పీట వేసుక్కూర్చుని, వచ్చేవి ఎన్ని, పోయేవి ఎన్ని అని లెక్కపెట్టేదాన్ని. మధ్యమధ్యలో పెద్దమ్మ వేడి పాకం గరిటెతో తెచ్చి ఆకులో పోస్తే లెక్క తప్పేది, మళ్లీ మొదలుపెట్టేదాన్ని. శనివారం సాయంత్రం మాత్రం బస్సెక్కి అనకాపల్లి వచ్చేసేదాన్ని, మర్నాడు చర్చిలో పాటల బృందంలో నేను లేకపోతే కుదరదని నా గట్టి నమ్మకం మరి.

ఆ చలికాలం నా లెక్కలు చూసి, పథకం నడిపే మా సారు మొహం చిట్లించారు. వేరేచోట్ల ఈగలు బాగా వేడెక్కాక గాని కదలవు, నా పుస్తకంలో మాత్రం పదహారు డిగ్రీల చలిలో పొద్దున్నే బారులు తీరి పోతున్నాయి. ఇంట్లో కూర్చుని రాసిన అంకెలివి అన్నారు. సోమవారం నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం పై ఆఫీసుకి వెళ్లాలి, కాబట్టి ఆదివారం పొద్దున్న తానే వచ్చి చూస్తానన్నారు. రండి, చూడండి అన్నాను ధైర్యంగా. నా కళ్లతో చూసి రాసినదానికి నాకు భయమేమిటి?

ఆ ఆదివారం పొగమంచు దట్టంగా పట్టింది. సారూ నేనూ తొలి బస్సులో వెళ్లి గూటి ముందు గంటసేపు నిలబడితే ఒక్క ఈగ బయటికి వస్తే ఒట్టు. సారు పెన్ను మూత పెట్టేసి, ఇంక పదమ్మా అన్నారు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు, అబద్ధాలకోరు అనిపించుకుని ఏ మొహంతో తిరగను? అప్పుడు బైబిలు చేత్తో పట్టుకుని చర్చికి బయల్దేరుతున్న పెద్దమ్మ, మమ్మల్ని చూసి ఆగి తాపీగా అంది:

"ఆదివారం పొయ్యెలిగించం కదా బాబూ. గోడ సల్లగుంటే అవెలా లేత్తాయి?"

సిగ్గుతో చచ్చిపోయాను. మిగతా రోజుల్లో తెల్లారకముందే పొయ్యి వెలిగేది, గోడ వెచ్చబడేది, నేనేమో చెట్టుకి కట్టిన థర్మామీటరు చూసి రాసేదాన్ని. పొయ్యి వెలగని ఆ ఒక్కరోజే నేను ఎప్పుడూ అక్కడ లేను. సారు మాత్రం నమ్మలేదు, మాటలతో ఒప్పుకునే మనిషి కాదాయన.

దేవుడి రోజున పని చెయ్యకూడదని మా పెదనాన్న ఆదివారం అగ్గిపుల్ల గీసి ఎరగరు, చెరకు ఎండిపోతున్నా సరే. ఆయన నా మొహంకేసి ఒకసారి చూసి, ఉతికిన పంచె పైకి కట్టి, బెల్లం వండే పెద్ద పెనంలో బిందెలకొద్దీ నీళ్లు పోసి, పొయ్యిలోకి చెరకుపిప్పి ఎగదోశారు.

"బెల్లం వండితే పనిగాని, నీల్లు కాగబెడితే పనేటి?" అన్నారు, ఎవరూ అడక్కుండానే.

మంచు విడలేదు, థర్మామీటరు కదల్లేదు, పశువుల పాక గోడలో ఉన్న ఇంకో గూట్లో అలికిడి లేదు. గోడ వెచ్చబడ్డాక పొయ్యి వెనక గూట్లోంచి ముందు ఒకటి, తరవాత నాలుగు, ఆ తరవాత నేను లెక్కపెట్టలేనన్ని బయల్దేరాయి. సారు అరచెయ్యి గోడకి ఆనించి చూసి, నా పుస్తకంలో సంతకం పెట్టారు.

ఆయన్ని బస్సెక్కించి వచ్చేసరికి ఆరాధన ముగిసి అందరూ ఇళ్లకి తిరిగొస్తున్నారు. పెదనాన్న పొయ్యి ఆర్పి, మసి చేతులు కడుక్కుని, పాకలోనే ఒక్కరూ మోకరించి ఉన్నారు.

ఇప్పుడు గూటిలోపలే చిన్న యంత్రం పెడితే నిమిష నిమిషానికీ వేడి అదే రాసుకుంటుంది, మా తరవాత వచ్చిన పిల్లల్ని అనుమానించే పనే లేదు, సంతోషమే. కానీ నా మాట నిజమని నిలబెట్టడానికి తన ఆదివారాన్ని వదులుకున్న మనిషి, ఇన్నేళ్లలో నాకు ఇంకొకరు తారసపడలేదు.