ముందాయన

దర్జీగారికి ఉన్నది ఒక్కటే జబ్బు: ఏ పనికైనా దేవుడు ముందు, తక్కిన లోకమంతా తర్వాత. చూపుడు వేలు పైకెత్తి "ముందు ఆయన!" అనేవారు. అలా అనీ అనీ చివరికి ఆయన పేరే ముందాయన అయిపోయింది.

ప్రార్థన మొదలెడితే స్తుతి భూమ్యాకాశాల దగ్గర బయల్దేరేది. సముద్రాలూ చేపలూ పక్షులూ దాటి మనుషుల దాకా వచ్చేసరికి కంచంలో కూర చల్లారిపోయేది.

"కాస్త మనకేం కావాలో కూడా అడగండి," అని భార్య గొణిగితే, "ఆగవే, ఇంకా చేపల దగ్గరే ఉన్నాను!" అనేవారు.

క్షవరం కొట్టులో "ఎవరండీ ముందు?" అంటే, అలవాటుకొద్దీ "ముందు ఆయన" అనేవారు. కొట్టువాడు వేలు చూసుకోక పక్కనున్నవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టేవాడు. అందరి తలలూ అయ్యాక కొట్టు కట్టేసేవాడు, ఈయన తల అలాగే ఇంటికొచ్చేది.

కోడలికి మావగారంటే ప్రాణమే. కానీ ఆ స్తుతే ఆమె పుట్టింటి దారి మూసేసింది. కొడుకు పెళ్ళివిందులో వడ్డన కాగానే ఈయన ప్రార్థనకు లేచారు. ఆకలితో నకనకలాడుతున్న చుట్టాలు కళ్ళు మూసుకుని నక్షత్రాలన్నీ చుట్టి రావలసి వచ్చింది. పిల్ల తండ్రికి తల కొట్టేసినట్టయింది.

"మావాళ్ళకి చల్లారిన కూడు పెడతారా? మీ గుమ్మం తొక్కితే ఒట్టు!" అని వెళ్ళిపోయాడు. కూతురు నెల తప్పిందన్నా రాలేదు.

అప్పటి నుంచీ ముందాయన ప్రార్థన మరీ విడ్డూరమైపోయింది. స్తుతి కాగానే ఆమేన్! అడగడమన్నదే లేదు.

కోడలు ప్రసవించింది. ఆడపిల్ల. కబురు విని ఆమె నాన్న ఆసుపత్రికైతే వచ్చాడు గానీ, మెట్ల దగ్గరే బిగుసుకుని నిలబడ్డాడు. ఒట్టు ఈ గుమ్మానికి కూడా వర్తిస్తుందనుకున్నాడు కాబోలు! తెరిచిన తలుపులోంచి కోడలు ఆయన్నే చూస్తోంది. ఇవాళ కూడా ఇలాగే వెళ్ళిపోతే నాన్న ఇక ఎప్పటికీ రాడు.

నర్సు బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చింది. "ఎవరు ముందు ఎత్తుకుంటారు?"

"అయిపోయింది! ఇక చేపలూ పక్షులూ," అని అత్తగారు నెత్తి కొట్టుకుంది.

మావగారి వేలు లేచింది. సగం దాకా వెళ్ళి ఆగింది. మెల్లగా వాలి మెట్లవైపు తిరిగింది.

"ముందు ఆయన," అన్నారు.

మెట్ల దగ్గరి మనిషి వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. "నన్నేనా?"

"మిమ్మల్నే బావగారూ. రండి."

గడప దాటడం, మనవరాలు చేతుల్లోకి రావడం, ఆయన కళ్ళు తుడుచుకోవడం అన్నీ ఒక్కసారే అయిపోయాయి. కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"దేవుణ్ణి వెనక్కి నెట్టేశారేమిటండీ?" అంది అత్తగారు.

"నెట్టలేదే పిచ్చిదానా! నీమీద అలిగినవాడితో ముందు రాజీపడి, తర్వాత నా దగ్గరికి రమ్మన్నది ఆయనే కదా. ఈయన అక్కడ అలిగి కూర్చుంటే, అది ఇయ్యి ఇది ఇయ్యి అని ఏ మొహంతో అడగను? అందుకే స్తుతితో సరిపెట్టాను." ఆయన వియ్యంకుడి వైపు తిరిగారు. "ప్రార్థన మీరే చెయ్యండి బావగారూ."

ఇంతలో వేడి వేడి టీ వచ్చింది. వియ్యంకుడు బిడ్డను గుండెకు హత్తుకుని కళ్ళు మూసుకున్నాడు. "భూమినీ ఆకాశాన్నీ కలుగజేసిన తండ్రీ..." అని మొదలెట్టి, సముద్రాల్లో దిగి, చేపల దగ్గర తిష్ఠ వేశాడు.

ముందాయన ఒక కన్ను తెరిచి టీ వైపు ఆశగా చూశారు.

"ఆగండి మావయ్యగారూ," అంది కోడలు వేలు పైకెత్తి, "ముందు ఆయన!"