చుక్క పడకుండా చెప్పిన పాఠం

రోజూ పొద్దున్నే బడికి బయల్దేరే ముందు లెక్కల టీచరమ్మ పన్నెండు సూదులకు దారం ఎక్కించేది. తెల్లదారానివి నాలుగు, నల్లదారానివి నాలుగు, మిగతావి ఆ రోజు కుట్టాల్సిన బట్టల రంగును బట్టి. అన్నిటినీ దూదిదిండుకు వరసగా గుచ్చి, భర్త చేతికందే చోట పెట్టి, అప్పుడు చెప్పులేసుకునేది. ఆయన దర్జీ. పనితనం చెక్కుచెదరలేదు గానీ మూడేళ్ళుగా చూపు మందగించింది. కుట్టు వంకర పోతే వేళ్ళతో తడిమి చెప్పగలడు, సూది బెజ్జం మాత్రం కనపడదు. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆవిడ నాలుగు వీధులు దాటి ఇంటికొచ్చి, అయిపోయిన సూదులకు మళ్ళీ దారం ఎక్కించి, మిషను సూది కూడా చూసి, రెండు ముద్దలు తిని వెనక్కి పరిగెత్తేది. దేవుడు తన బడిని ఇంటికి అంత దగ్గరగా పెట్టింది ఇందుకేనని ఆవిడ నమ్మకం.

ఐదో తరగతికి అన్నీ ఆవిడే చెప్పినా, లెక్కలంటే ప్రాణం కాబట్టి ఆ పేరే నిలిచిపోయింది. పక్క సెక్షన్ కుర్ర మాస్టారిది. ఆ ఏడు హెడ్‌మాస్టరు ఇద్దర్నీ పిలిచి ఓ మాట చల్లగా చెప్పాడు. పిల్లలు తగ్గారు, వచ్చే నెల నుంచి రెండు సెక్షన్లూ ఒకటే; ఒకరు ఇక్కడే ఉంటారు, ఒకరు వంతెన అవతలి బడికి వెళ్తారు. ఎవరన్నది నెలాఖరుకు చెప్తాడట.

వంతెన అవతలి బడంటే రెండు బస్సులు మారాలి. మధ్యాహ్నం ఇల్లు చేరడం కల్ల. సూదులు అయిపోయాక ఆయన చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

సరిగ్గా ఆ వారమే కోచ్ మేడం దిగింది. టీచర్ల పాఠాలు చూసి మెరుగుపరచడం ఆవిడ పనట. బూడిదరంగు చీర, మెత్తటి చెప్పులు, చంకలో అట్టపుస్తకం. వస్తూనే, "మీ పాఠం మీరు చెప్పుకోండి టీచర్, నేను లేననుకోండి" అని చివరి బెంచీలో కూర్చుంది.

లేననుకోమని చెప్పే మనిషి ఎంతగా ఉంటుందో టీచరమ్మకు ఆ గంటలో తెలిసొచ్చింది. భిన్నాలు చెబుతున్నంతసేపూ వెనక పెన్సిలు కదిలిన చప్పుడే వినపడింది. ఆ మేడం టీచరమ్మ మొహం చూస్తే ఒట్టు. పిల్లల్ని చూడటం, కాగితం మీద ఏదో పెట్టడం. ముందు బెంచీ పిల్ల బూటు తాడు ఊడితే వంగి కట్టింది. ఇంకొకడి రబ్బరు దొర్లిపోతే వెతికి ఇచ్చింది. ఇంకెవరైనా ఆ పని చేసి ఉంటే టీచరమ్మ చల్లగా ఉండమని దీవించేది. ఇప్పుడు మాత్రం, 'పిల్లల్ని మంచి చేసుకుంటోంది, కూపీ లాగడానికి' అనుకుంది.

రెండో రోజు పాఠం అయ్యాక మేడం మంచినీళ్ళకు బయటికెళ్ళింది. అట్టపుస్తకం బెంచీ మీదే ఉంది. టీచరమ్మ జన్మలో ఒకరి ఉత్తరం విప్పి చూసిన మనిషి కాదు. 'తప్పే స్వామీ, మన్నించు' అంటూనే అట్ట ఎత్తింది. మాటలు లేవు. గళ్ళు, గళ్ళలో చుక్కలు. కొన్ని చోట్ల దట్టంగా, ఆవాలు చల్లినట్టు. ఇంతలో వరండాలో చెప్పుల చప్పుడు. అట్ట మూసి, బోర్డు తుడుస్తున్నట్టు నిలబడింది. తుడవడానికి బోర్డు మీద ఏమీ లేదు.

సాయంత్రం కుర్ర మాస్టారు సైకిలు తోసుకుంటూ పక్కనే నడిచాడు.

"అక్కా, మీకెన్ని చుక్కలు?"

"ఏం చుక్కలు?" అంది, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ.

"అబ్బ, నా దగ్గర దాపరికమెందుకక్కా! నా క్లాసులోనూ కూర్చుందిగా, నేనూ చూశాను. బాగా గమనించాను, పాఠం చెప్తున్నంతసేపూ ఆవిడ చెయ్యి కదలదు. ఎవర్నైనా ప్రశ్న అడిగామా, టక్కున చుక్క!"

"అంటే?"

"అంటే అడగడమే తప్పన్నమాట. ఇప్పుడదే కొత్త పద్ధతేమో, ఎవరికి తెలుసు?"

టీచరమ్మ అతని మొహంలోకి చూసింది. మంచి కుర్రాడే, ఆవిడకు జ్వరమొస్తే రెండు సెక్షన్లూ కలిపి చూసుకున్నవాడే. కానీ వంతెన దాటాల్సింది ఇద్దరిలో ఒకరు. 'వీడు నన్ను గోతిలోకి తోయడం లేదు కదా?' అనిపించింది. అలా అనిపించినందుకు ఇంటి దాకా తనను తానే తిట్టుకుంది.

అన్నం దగ్గర సంగతంతా చెబితే భర్త నవ్వాడు. "గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ, పెన్సిలుకు పళ్ళుంటాయని నీ దగ్గరే వింటున్నా. ఆ చుక్కలేంటో ఆవిడనే అడగరాదటే?"

"అడిగితే భయపడుతోందని రాసుకోదూ?"

"అడక్కపోతే ఏం రాసుకుంటుందో నీకు తెలుసా?"

కానీ ఆవిడ నిర్ణయం అప్పటికే అయిపోయింది.

మూడో రోజు టీచరమ్మ ఒక్కర్ని కూడా ఒక్క ప్రశ్న అడగలేదు. అరగంట పైగా ఏకధాటిగా చెప్పింది. సుద్దముక్కలు రెండు అరిగిపోయాయి. ముందు బెంచీలో వాగుడుకాయ అని పేరుపడ్డ పిల్లాడు అలవాటుగా చెయ్యెత్తాడు. దించమని సైగ చేసింది. మళ్ళీ ఎత్తాడు, గుడ్లురిమింది. వెనక పెన్సిలు కాగితాన్ని తాకలేదు. గంట కొట్టేసరికి ఆవిడ గొంతు బొంగురుపోయింది గానీ మనసు తేలికపడింది. ఒక్క చుక్క కూడా పడలేదు!

పోతూ పోతూ వాగుడుకాయ ఆగాడు. "టీచర్, మీకు ఒంట్లో బాగాలేదా? నా సీసాలో వేడినీళ్ళున్నాయి, తాగుతారా?"

పిల్లలు ఆటస్థలంలోకి వెళ్ళాక కోచ్ మేడం దగ్గరికి వచ్చింది.

"టీచర్, ఈ రోజు ఎవ్వర్నీ ఏమీ అడగలేదేంటండీ?"

టీచరమ్మకు మూడు రోజుల ఉక్రోషం పొంగింది. "అడిగితే మీరు చుక్కలు పెడుతున్నారుగా!"

మేడం నుదురు కొట్టుకుంది. "అయ్యో దేవుడా! మొదటి రోజే చెప్పాల్సింది. చెబితే మీరు రోజూలా అడగరేమోనని ఊరుకున్నాను. అది నా తెలివితక్కువ. రండి, చూడండి."

అట్ట తెరిచింది. గళ్ళంటే బెంచీల్లో పిల్లల చోట్లు. గదిలో ఎవరెక్కడ కూర్చుంటారో అలాగే గీసింది. చుక్కంటే టీచరు ఆ చోట కూర్చున్న పిల్లను పలకరించినట్టు, ఆ పిల్ల నోరు విప్పినట్టు. తప్పొప్పుల లెక్క కానే కాదు. గుమ్మం వైపు బెంచీల్లో చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి. వాగుడుకాయకు తొమ్మిది. కిటికీ వైపు వరసలో ఒకటీ అరా. ఆ వరస కొసన ఉన్న గడిలో రెండు రోజులకూ కలిపి ఏమీ లేదు.

"ఇది హెడ్‌మాస్టరు గారి బల్ల మీదికి వెళ్తుందా?" టీచరమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఆయన అడిగారు. అబద్ధమెందుకు చెప్పను? ఇద్దరిలో ఎవరు మెరుగో రాసివ్వమన్నారు. అది నా పని కాదన్నాను. ఈ కాగితాలు మీవి." మేడం చుక్కల కాగితం చించి చేతిలో పెట్టింది.

అంటే తన అనుమానం పూర్తిగా గాలివాటుదేం కాదు. అనుమానించాల్సిన మనిషే వేరు.

ఆ ఖాళీ గడి పిల్ల పేరు పిలిస్తే ఉలిక్కిపడే రకం. అందరూ పిచ్చుక అంటారు. ఆటలకు పోకుండా కిటికీ దగ్గరే కూర్చుని ఉంది. టీచరమ్మ వెళ్ళి ఆ పిల్ల లెక్కల పుస్తకం తిరగేసింది. ముత్యాల్లాంటి అక్షరాలు, ప్రతి పేజీకీ తను వేసిన ఒప్పు గుర్తు. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దింపింది మరి, తప్పెలా వస్తుంది?

"పిచ్చుకా, ఒకటి చెప్పు తల్లీ. రొట్టెలో మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?"

పిల్ల చాలాసేపు వేళ్ళు చూసుకుంది. "నాలుగోదే టీచర్. మూడు కంటే నాలుగు పెద్దది కదా."

నెల రోజులుగా చెబుతున్న పాఠం. టీచరమ్మ పక్కనే కూలబడింది.

"అర్థం కాకపోతే అడగచ్చు కదమ్మా?"

"చెయ్యి ఎత్తాను టీచర్. చాలాసార్లు ఎత్తాను." పిల్ల ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, ఉన్న మాట చెప్పింది. "మీరు ఎప్పుడూ గుమ్మం వైపు చూస్తారు కదా."

ఆవిడ తలెత్తి, తను రోజూ నిలబడే చోటు చూసింది. నిజమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ హెడ్‌మాస్టరు చప్పుడు లేకుండా గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. అప్పటి నుంచి వరండా కనపడేలా ఓరగా నిలబడటం అలవాటైపోయింది. ఆయన పోయి పదేళ్ళయింది. ఎవరొస్తారో, ఏం చూస్తారోనన్న భయం మాత్రం అక్కడే కాపలా ఉంది. దానికి కాపలా కాస్తూ ఎన్నేళ్ళు, ఎన్ని కిటికీ వరసలకు వీపు చూపించిందో లెక్కల టీచరమ్మకే లెక్క తెలియలేదు. కొంగుతో కళ్ళొత్తుకుంది. పిచ్చుక కంగారుపడి తన చేతిగుడ్డ ఇవ్వబోయింది.

కోచ్ మేడం కాస్త దూరంలో నిలబడి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది, ఆవిడ కన్నీళ్ళు చూడనట్టు. ఈసారి ఆ మర్యాదలో టీచరమ్మకు ఏ వంకా కనపడలేదు.

"మేడం," అంది లేచి. "రేపు మళ్ళీ భిన్నాలే. మీరు పాఠం చెప్పగలరా?"

"మీ క్లాసులోనా? నేనా?" మేడం తటపటాయించింది. "చెప్పగలను గానీ, టీచర్, ఇది నెలాఖరు. హెడ్‌మాస్టరు గారు అటుగా వస్తే, మీ పిల్లలకు నేను పాఠం చెబుతూ, మీరు బెంచీలో కూర్చుని కనబడితే ఏమనుకుంటారు? మీకు మంచిది కాదు."

టీచరమ్మకు ఇల్లు గుర్తొచ్చింది, రెండు బస్సులూ గుర్తొచ్చాయి. వాలుగా గుమ్మం వైపు చూడబోయి ఆగిపోయింది.

"అనుకోనివ్వండి. ఏది రాసి ఉంటే అది. ఒక్క గంట మేడం, నాకోసం ఈ సాయం చెయ్యండి. నేను పిచ్చుక పక్కన కూర్చుంటాను. నా పాఠం ఈ పిల్ల దగ్గరకొచ్చేసరికి ఎక్కడ ఆగిపోతోందో చూసుకోవాలి."